రాక్షసగుళ్ళ దగ్గర అడగని మాట

"పెద్దమ్మమ్మా, మొన్న ముగ్గురూ కలిసి మీ పాత ఊరు రాక్షసగుళ్ళకి వెళ్ళారంట కదా. అమ్మని అడిగితే ఏడుస్తోంది, అమ్మమ్మని అడిగితే నవ్వుతోంది. అసలేం జరిగిందో నువ్వైనా చెప్పు."

నన్ను అడుగుతున్నావా, సరిపోయింది. నేను ఏడుస్తానో నవ్వుతానో నాకే తెలీదు. ఆ ఫోనులో ఏదో నొక్కావు, అది ఎక్కుతోందా మాట? సరే, ఆ స్టూలు మీద పెట్టు, మరీ మొహం దగ్గర పెట్టకు, నాకు దగ్గొస్తుంది. మీ అమ్మమ్మ వన్ టౌన్ వెళ్ళింది, ఎండు మిరపకాయలకి. ఇక్కడ ఆటోనగర్ చుట్టుపక్కల దొరకవా అంటే, దొరకవంట, అక్కడ హోల్‌సేల్ కొట్లో అయితేనే రంగుంటుందంట. ఎండలో ఆటో ఎక్కి దిగి, ఆ తోపుడు బళ్ళ మధ్య నడిచి, వచ్చేసరికి రెండవుతుంది. ఈలోపు చెప్పేస్తా. తనుంటే నన్ను చెప్పనివ్వదమ్మా. "అలా కాదక్కా, ఇలా" అని నోట్లో మాట లాగేసుకుంటుంది. తోటికోడళ్ళం అన్న మాటే గానీ, నా నోరు కూడా తనదే అనుకుంటుంది.

మొదట్నించీ చెప్పాలి మరి. మా పుట్టింటి వైపు, పామర్రు పక్కన, రాయి అనేదే ఉండదు. ఎంత తవ్వినా నల్లమట్టే. నా చిన్నప్పుడు బట్టలుతుక్కోవడానికి బండ కావాలని మా అమ్మ పోరితే, మా నాన్న బెజవాడ నించి బండి మీద తెప్పించాడు. ఊరంతా వచ్చి చూశారు దాన్ని. ఊరంతా అంటే, మా బజారు వాళ్ళే. అలాంటి ఊరు నించి నన్ను తీసుకెళ్ళి ఎక్కడిచ్చారూ? నూజివీడు వైపు, లోపలికి, మెట్ట ఊళ్ళో. మామిడి తోటలు, గుట్టలు, ఎటు చూసినా రాళ్ళు. బస్సు దిగి మూడు మైళ్ళు నడవాలి. టిక్కెట్టు ముప్పావలా... కాదు, ముప్పావలా మా పెళ్ళప్పుడు, మీ అమ్మ పుట్టేసరికి ఇంకా పెరిగింది. ఎంతో గుర్తులేదు, పోనీ.

కాపరానికొచ్చిన కొత్తలో మా అత్తగారు, అంటే మీ అమ్మకి నాయనమ్మ, నన్ను కట్టెలకని గుట్ట మీదకి తీసుకెళ్ళింది. అక్కడ చూశాను. నాలుగు పక్కలా నాలుగు పెద్ద పలకలు నిలబెట్టి, పైన ఇంకో పలక కప్పు పెట్టారు. అట్లాంటివి ఆరో ఏడో ఉన్నాయి, కొన్ని కూలిపోయాయి, చుట్టూ గుండ్రంగా రాళ్ళు పాతి ఉన్నాయి. ఒకదానికి మాత్రం ముందు పలకలో కన్నం ఉంది. పిండి జల్లించుకునే జల్లెడ ఉంటుంది చూడూ, అంత. గుండ్రంగా, అంచులు నున్నగా. ఎవరు కట్టారత్తయ్యా అంటే, "రాక్షసులు" అంది. అంత తేలిగ్గా అంది. పక్క బజారు వాళ్ళు కట్టారన్నట్టు.

తర్వాత తెలిసింది, ఆవిడ దగ్గర రెండు కథలున్నాయని. మగవాళ్ళుంటే రాక్షసుల కథ చెప్పేది. ఒక్క పూటలో కట్టారనీ, ఒక రాక్షసుడు పలకని చేటలాగా చంకలో పెట్టుకొచ్చాడనీ. ఆడవాళ్ళమే ఉంటే ఇంకోటి చెప్పేది. పూర్వం మూరెడు మనుషులు ఉండేవారంట, మోకాలెత్తు. నిప్పుల వాన పడుతుందని ఎవరో చెప్తే, ఈ రాతి ఇళ్ళు కట్టుకుని లోపల దూరారంట. ఇళ్ళన్నీ నిండిపోయాయి. ఒక తల్లి చంటిపిల్లని ఎత్తుకుని ఆలస్యంగా వచ్చింది. చోటు లేదు. అప్పుడు లోపల్నించి ఒకావిడ ఆ కన్నంలోంచి చేతులు బయటికి పెట్టి, "నువ్వు పట్టవు, బిడ్డ పడుతుంది, ఇవ్వు" అందంట. ఆ తల్లి ఏం చేస్తుంది పాపం, ఇచ్చేసింది. పొద్దున్నే వాన వెలిసింది. ఒళ్ళంతా కాలిపోయి, కానీ బతికే ఉంది ఆ తల్లి. వచ్చి కన్నం దగ్గర కూర్చుంది. ఇచ్చేసిన బిడ్డని నాది అనకూడదు కదా? అందుకని ఏమందో తెలుసా, "నీ బిడ్డని పెంచుకుంటాను, ఇస్తావా?" అని అడిగింది. మూడుసార్లు అడిగింది. లోపలావిడ మూడుసార్లు "తీసుకెళ్ళు" అంది.

కథ కదా అనుకుంటున్నావు. మా ఊళ్ళో అది కథ కాదమ్మా, పద్ధతి. పుట్టిన పిల్లలు దక్కకపోతే, ఆ తర్వాత పుట్టినదాన్ని అక్కడికి తీసుకెళ్ళేవాళ్ళు. తల్లి బయట నిలబడి "ఇది నాది కాదు" అని కన్నంలోంచి లోపలికి ఇవ్వాలి. లోపల కూర్చున్నావిడ "ఇది నాది" అని అందుకోవాలి. అంతటితో పాత తల్లి కడుపు దోషం తెగిపోతుందంట. తర్వాత తల్లి అడగాలి, నీ బిడ్డని పెంచుకుంటాను, ఇస్తావా అని, ముమ్మారు. ఆవిడ ముమ్మారు తీసుకెళ్ళమని మళ్ళీ కన్నంలోంచి బయటికి ఇవ్వాలి. అప్పుడు కొత్త పుట్టుక పుట్టినట్టు.

లోపల కూర్చునేది ఎవరు పడితే వాళ్ళు కాదు. పిల్లలు పుట్టని ఆడదై ఉండాలి.

ఏంటలా చూస్తావు? నిజమే, నాకు పుట్టలేదు. నీకు తెలిసిందేగా. పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా నా ఒళ్ళో ఎవరూ పడలేదు. మీ పెద్ద తాతయ్య ఒక్క మాట అన్లేదు, బంగారంలాంటి మనిషి, కానీ ఊరికి నోరుంటుందిగా. పేరంటాలకి పిలిచేవాళ్ళు, పిలిచి వెనకాల నిలబెట్టేవాళ్ళు. చంటిపిల్లకి స్నానం చేయించేటప్పుడు నేను వెళ్తే తువ్వాలు కప్పేసేవాళ్ళు. దిష్టి. నా కళ్ళకి. నేను నవ్వుతా ఇంటికొచ్చి దొడ్లో ఏడ్చేదాన్ని. అట్లాంటి ఊళ్ళో, ఆ గుట్ట మీద, ఆ ఒక్క పనికి మాత్రం నాలాంటిది కావాలి. అది తెలిసినప్పుడు నాకు ఎట్లా అనిపించిందో చెప్పలేను.

మీ అమ్మమ్మ సామ్రాజ్యం నాకంటే ఆరేళ్ళు చిన్న. మా మరిది పెళ్ళాం. వచ్చినప్పుడు లంగావోణీ పిల్లలాగే ఉంది. ఇద్దరు పుట్టి పోయారు తనకి. ఒకడు పురిట్లోనే, ఇంకో పిల్ల మూడో నెల్లో. మూడోది మీ అమ్మ, విజయ. ఎనిమిదో నెల వచ్చింది, బాగా ఉంది, అమ్మయ్య అనుకున్నాం. అప్పుడు దగ్గు పట్టుకుంది. పక్కలెగరేసేది. ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి పోయేవి. బెజవాడ తీసుకొచ్చాం, పిల్లల డాక్టరుగారు సూదులు రాశాడు, వారం పొడిపించాం. నేను రాయి ఒక్కటే బాగుచేసింది అనడం లేదు, అది ముందే చెప్తున్నా, రేపు నువ్వు నవ్వుకోకు. సూదులు సూదులే. కానీ మా అత్తగారు పట్టుబట్టింది. "సూదులు పిల్లకి, గుట్ట తల్లికి" అంది. సామ్రాజ్యం అప్పటికి తిండి మానేసింది. పిల్లని ఎత్తుకోవడానికి కూడా భయపడేది, తన చేతుల్లో ఉంటే పోతుందని.

అమావాస్య ఆదివారం చూసుకుని వెళ్ళాం. అత్తగారు, సామ్రాజ్యం, నేను, పిల్ల. మగవాళ్ళు రాకూడదు. పొద్దున్నే బయల్దేరాల్సింది, పిల్లకి పాలు పట్టి, అది కక్కి, మళ్ళీ పట్టి, ఎక్కేసరికి ఎండ నెత్తి మీదకొచ్చింది. ఆ గుట్టకి అవతలి పక్క అప్పుడే కొత్తగా క్వారీ మొదలెట్టారు. మధ్యాహ్నం పూట పేల్చేవాళ్ళు. ముందు ఒకడు విజిలు వేసేవాడు. అది మాకు తెలీకనా? తెలుసు. ఆదివారం సెలవుంటుంది అనుకున్నాం, అదీ మా తెలివి.

ఆ కన్నమున్న గుడికి వెనక పలక ఒరిగిపోయింది, అందులోంచి లోపలికి దూరాలి. దూరాను. లోపల మేకల వాసన. చీకటి. నేల చల్లగా ఉంది. గొంతుక్కూర్చుంటే ఎదురుగా ఆ కన్నం ఒక్కటే కనబడుతుంది, తెల్లగా. బయట ఎవరు ఏం మాట్లాడుతున్నారో సరిగ్గా వినపడదు, ఉట్టి గొంతులే. నేను చేతులు బయటికి పెట్టాను. అప్పుడు సామ్రాజ్యం "ఇది నాది కాదు" అంది. ఎంత మెల్లగా అందో. అత్తగారు "గట్టిగా అను" అని గదిమింది. అంది. ముందు తల వచ్చింది కన్నంలోంచి, ఆ నల్ల బొట్టు, చెమట పట్టిన జుట్టు, తర్వాత భుజాలు. నా చేతుల్లోకి వచ్చింది. నేను "ఇది నాది" అన్నాను.

అన్నానమ్మా. నా గొంతు నాకే వినపడింది ఆ రాళ్ళలో. నా జన్మలో ఆ మాట అనే హక్కు నాకు ఆ ఒక్కసారే వచ్చింది. పిల్ల ఏడవలేదు. నా మొహంలోకి చూసింది. వేడిగా ఉంది ఒళ్ళు. నేను దాన్ని ఇక్కడ, ఇదిగో, ఈ గుండె కిందకి పెట్టుకున్నాను.

సరిగ్గా అప్పుడు విజిలు. వెంటనే ఇంకోటి. అత్తగారు "బయటికి రా, బయటికి రా" అని అరుస్తోంది. నేను పిల్లని పట్టుకుని వెనకనించి పాక్కుంటా బయటపడ్డాను. దిగుతుండగా పేలింది. కాళ్ళ కింద గుట్ట కదిలింది. చిన్న చిన్న రాళ్ళు మామిడి ఆకుల మీద రాల్తున్నాయి. పిల్ల మీద నేను వంగాను, నా మీద సామ్రాజ్యం వంగింది, అత్తగారు మా ఇద్దర్నీ తోస్తా కిందకి దింపింది. చెప్పులు అక్కడే పోయాయి. ఇంటికొచ్చి పడ్డాం.

అర్థమయిందా? అడగలేదు. పెంచుకుంటాను ఇస్తావా అని తను అడగలేదు, తీసుకెళ్ళమని నేను అనలేదు. పిల్ల కన్నంలోంచి తిరిగి బయటికి రాలేదు. నేను ఎత్తుకునే దింపాను.

ఆ సాయంత్రం పిల్లని సామ్రాజ్యం ఒళ్ళో పడుకోబెట్టాను. పాలు తనవే కదా. పాలు నాకెక్కడివి. కానీ నా మనసులో ఒక లెక్క... లెక్క కాదు, ఒక దొంగ మాట. ఇప్పుడు అత్తగారు గుర్తు చేస్తుందేమో, మళ్ళీ గుట్టెక్కుదాం అంటుందేమో అని రోజూ ఆవిడ మొహమే చూసేదాన్ని. నేను మటుకు నోరెత్తలేదు. అడగాలి కదా అని నేనే గుర్తు చేయాల్సింది, పెద్దదాన్ని. చేయలేదు. అడక్కూడదు స్వామీ అని లోపల్లోపల మొక్కుకున్నాను. పిల్లకి పదిరోజుల్లో దగ్గు తగ్గింది. నెల తిరిగేసరికి పాకడం మొదలెట్టింది. అత్తగారు ఇంకేం మాట్లాడలేదు. రెండేళ్ళకి ఆవిడా పోయింది. ఇక ఆ సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరమే మిగిలాం, ఇద్దరం నోరు విప్పలేదు.

తర్వాత మీ మావయ్య పుట్టాడు. తర్వాత మరిది ఆటోనగర్లో లారీ సామాన్ల కొట్టు పెట్టాడు, అందరం ఇక్కడికొచ్చేశాం. ఆ రోజుల్లో ఇక్కడ దుమ్మూ, సమ్మెటల మోతా, వెల్డింగు మెరుపులూ... మీ అమ్మ ఆ మెరుపులు చూస్తా నిలబడితే నేను కళ్ళు మూసేదాన్ని. అదలా ఉంచు. నేను చెప్పేదేంటంటే, మీ అమ్మమ్మ ఒక పద్ధతిగా ఉండేది. మీ మావయ్యని "నా కొడుకు" అనేది, "నా కొడుకు కొంప ముంచాడు" అని తిట్టేది కూడా. మీ అమ్మని మాత్రం ఒక్కనాడు నా కూతురు అనలేదు. "మన విజయ" అనేది. "మా ఇంటి పిల్ల" అనేది. చెవులు కుట్టించాలన్నా, "అక్కా, కుట్టిద్దామా?" కాలేజీలో చేర్చాలన్నా, "అక్కా, నువ్వేమంటావు?" చీర ఏ రంగు తీయాలన్నా నన్నే అడిగేది. నేను కొడితే అడ్డం వచ్చేది కాదు. నాకు ఎంత తియ్యగా ఉండేదో! మర్యాద అనుకున్నాను. పెద్ద తోటికోడలినని గౌరవం అనుకున్నాను. మీ అమ్మ పెళ్ళిలో అప్పగింతలప్పుడు, పాలల్లో ముంచిన పిల్ల చెయ్యి తెచ్చి నా చేతిలో పెట్టి, "నువ్వే అప్పజెప్పక్కా" అంది. ఏడుపు ఆపుకోలేక అలా అంది అనుకుని, మీ నాయనమ్మగారి చేతిలో నేనే పెట్టాను. పెట్టి, లోపల్లోపల మురిసిపోయాను. చూడు ఎంత స్వార్థపుదాన్నో.

మంచినీళ్ళు ఇవ్వమ్మా. ఫ్రిజ్‌లోవి వద్దు, కుండలోవి.

ఆఁ. మొన్న ఫాల్గుణంలో, కాదు, మాఘమే ఇంకా, మీ అమ్మ ఫోన్లో ఒక వీడియో చూపించింది. ఆ రాక్షసగుళ్ళకి కంచె వేశారు, నీలం బోర్డు పెట్టారు. క్వారీ ఎప్పుడో ఆగిపోయిందంట, సగం గుట్ట తినేసి. ఒక కాలేజీలో పాఠాలు చెప్పే ఆవిడ వీడియోలో చెప్తోంది, అవి గుళ్ళు కాదు, ఇళ్ళు కాదు, వేల ఏళ్ళ నాటి సమాధులు అని. ఆ కన్నం, చచ్చిపోయినవాళ్ళకి తిండి పెట్టడానికంట. నేను నిర్ఘాంతపోయాను. సమాధుల్లోంచి చంటిపిల్లల్ని ఇచ్చిపుచ్చుకున్నామా అని. తర్వాత అనిపించింది, పోన్లే, ఆ పడుకున్నవాళ్ళలోనూ తల్లులుంటారుగా, పిల్లలు పోయినవాళ్ళు, పుట్టనివాళ్ళు. వాళ్ళేం అనుకోరు. ఆ కన్నంలోంచి లోపలికి అన్నం వెళ్ళినా బిడ్డ వెళ్ళినా, ప్రేమ లేకుండా ఎవరు చెయ్యి పెడతారు చెప్పు.

ఆ మధ్యాహ్నం నేనూ మీ అమ్మమ్మా గోంగూర ఒలుస్తున్నాం. నాకు ఇక ఆగలేదు. ఇన్నేళ్ళు మోశాను, పోయేలోపు చెప్పేద్దాం అనుకున్నాను. "సామ్రాజ్యం, నీకు నేను అన్యాయం చేశాను" అన్నాను. తను ఆకు ఒలుస్తానే ఉంది. "గుట్ట మీద నువ్వు అడగాల్సింది మర్చిపోయావు, నేను గుర్తు చేయలేదు, కావాలనే చేయలేదు, నీ బిడ్డని నా మనసులో కాజేశాను" అన్నాను. ఏడుస్తున్నాను అప్పటికే.

తను నవ్వింది. "నేను మర్చిపోయానని ఎవరన్నారక్కా?" అంది.

అత్తగారు తనతో ఆ సాయంత్రమే చెప్పిందంట. మధ్యలో ఆటంకం వస్తే తొమ్మిది రోజుల్లోపు మళ్ళీ వెళ్ళి అడగొచ్చు అని. నాకు చెప్పలేదు, తల్లికే చెప్పాలంట. తను రోజులు లెక్కపెట్టింది. తొమ్మిదో రోజు పొద్దున బిందె తీసుకుని గుట్ట దాకా వెళ్ళి, వెనక్కొచ్చేసిందంట.

"నీకు ఒకరుండాలని త్యాగం చేశానని చెప్పమంటావా, అబద్ధమవుతుంది అక్కా" అంది. "భయం. నాది అన్నవి రెండూ పోయాయి. నీది అంటే బతుకుతుంది, నాది అంటే పోతుంది. నీ బిడ్డగానే ఉంచేశాను. నోటితో నాది అనలేదు. మనసులో కూడా అనుకోకుండా చూసుకున్నాను. జ్వరం వచ్చినప్పుడల్లా ఇది అక్కది, అక్కది అనుకునేదాన్ని. అలవాటైపోయింది" అంది. చేతిలో గోంగూర కాడ అలాగే ఉంది.

నేనేమో ఒక మాట కాజేశానని కుమిలిపోతున్నాను, తనేమో కన్న పిల్లని నలభై ఏళ్ళకి పైగా పరాయి బిడ్డలా పెంచింది. నా పక్కనే. ఒకే పొయ్యి మీద వండుకుంటా. నేను మురిసిపోయిన ప్రతి చోటా తను నోరు కట్టుకుంది. మన విజయ, మన విజయ. నేనెంత మొద్దునో చూడు. ఆ పూట అన్నం తినలేదు నేను.

సాయంత్రం చెప్పాను. "పద, వెళ్దాం. అడుగు. నేనిస్తాను. నాకు డెబ్బై దాటాయి, నీకు బీపీ. ఎవరు ముందు పోయినా ఇది ఇలా ఉండిపోకూడదు" అని. తను ససేమిరా అంది. "ఇప్పుడెందుకక్కా, దాని పిల్లలే పెద్దవాళ్ళయ్యారు." "అందుకే, ఇంకేం భయం, పద" అన్నాను. ఇంకా భయమే తనకి! నలభై ఆరేళ్ళ విజయకి, స్కూల్లో టీచరుగా చేస్తున్నదానికి, నాది అంటే ఏమవుతుందో అని భయం. మీ అమ్మకి ఇద్దరం కలిసి చెప్పాం. మీ అమ్మ విని, లేచి వెళ్ళి సెలవు పెట్టింది.

కారు కంచె దాకా వెళ్ళింది. అక్కడ వాచ్‌మన్ ఉన్నాడు, లోపలికి వెళ్ళకూడదమ్మా, ముట్టుకోకూడదు అన్నాడు. మంచివాడే. మీ అమ్మమ్మ "బాబూ, ఒక మాట అడిగి వచ్చేస్తాం" అంది. ఎవర్ని అన్నాడు. "మా అక్కని" అంది. అతను మమ్మల్ని ఇలా ఎగాదిగా చూసి, పది నిమిషాలు అన్నాడు. పిచ్చివాళ్ళు అనుకుని ఉంటాడు.

ఇక నేను లోపలికి దూరాలి. ఈ మోకాళ్ళతో! మీ అమ్మ వెనకనించి నెట్టింది, నేను నవ్వు ఆపుకోలేక మధ్యలో ఇరుక్కుపోయాను. మీ అమ్మ కూడా దూరింది నా పక్కన. పిల్ల లోపలే ఉండాలి కదా. ఇద్దరం గొంతుక్కూర్చున్నాం, దాని తల కప్పుకి తగుల్తోంది. అదే చల్లదనం. కన్నంలోంచి చూస్తే బయట మీ అమ్మమ్మ నోరూ, ముక్కుపుడకా కనబడుతున్నాయి, అంతే.

ఇంత మనిషిని కన్నంలోంచి ఎలా ఇస్తాం? అందుకని దాని కుడిచెయ్యి నా చేత్తో పట్టుకుని కన్నంలోంచి బయటికి పెట్టాను. మీ అమ్మమ్మ అవతల పట్టుకుంది. నేను మణికట్టు దగ్గర పట్టుకునే ఉన్నాను.

"నీ బిడ్డని పెంచుకుంటాను, ఇస్తావా?" అంది. నలభై ఏళ్ళు పెంచేసి, అప్పుడు అడుగుతోంది. తీసుకెళ్ళు అన్నాను. మళ్ళీ అడిగింది. తీసుకెళ్ళు అన్నాను. మూడోసారి అడిగింది. మూడోసారి అంటే చెయ్యి వదిలేయాలి. నా నోరు రాలేదమ్మా. వేళ్ళు రాలేదు. నేనే కదా రమ్మన్నది, నేనే కదా ఇస్తానన్నది. ఆ మణికట్టు ఎంత లావైపోయింది, గాజులున్నాయి, వాచీ ఉంది, నాకు మాత్రం ఆ వేడి ఒళ్ళే తెలుస్తోంది. బయట తను తొందర పెట్టలేదు. మళ్ళీ అడగలేదు కూడా. ఎదురు చూస్తోంది. వాచ్‌మన్ దూరంగా ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. అప్పుడు నాకు ఆ ముక్కుపుడక వణకడం కనబడింది. ఇక తట్టుకోలేకపోయాను. "తీసుకెళ్ళవే, నీ బిడ్డే" అని వదిలేశాను.

ఆ బయటనించి ఒక గొంతు వచ్చింది చూడు. "నా తల్లీ" అంది. "నా బిడ్డా. నా కూతురా. నా విజయా." ఆ చేతిని మొహానికి రాసుకుంటా, నా, నా, నా అని. అలవాటు లేని మాట కదా, తడబడుతోంది. ఒక్కోటి అని, ఆగి, ఏమీ కాలేదని చూసుకుని, మళ్ళీ అంటోంది. నేను ఆ చీకట్లో కూర్చుని విన్నాను. నా ఒళ్ళో ఏమీ లేదు. సరే, ఇచ్చేశాను, బాగానే ఉంది, పోనీ అనుకున్నాను. అనుకున్నాను గానీ, ఎంత ఖాళీగా ఉందో నీకు చెప్పలేను.

అప్పుడు మీ అమ్మ... కుడిచెయ్యి బయట తన తల్లి దగ్గరే ఉంది, తీసుకోలేదు. ఎడంచెయ్యి తెచ్చి నా మెడ చుట్టూ వేసింది. తల తెచ్చి ఇక్కడ పెట్టింది, ఆనాడు పెట్టుకున్న చోటే. అమ్మా అంది. పెద్దమ్మా అని కాదు. ఒక్కసారే అంది, నా చెవిలోనే, బయటికి వినపడకుండా.

అదీ జరిగింది. దానికి నేను ఏమన్నానో నాకు గుర్తులేదు.

ఏడవకే పిచ్చిదానా, నువ్వూ మీ అమ్మ పోలికే. ఇలా రా, దగ్గరికి రా. నీకు ఇద్దరమ్మమ్మలు, ఇద్దరిలో ఎవరినీ తక్కువ చెయ్యకు. నీ కడుపు చల్లగా ఉండాలి, నీ చేతుల్లోకి వచ్చినవాళ్ళందరూ నూరేళ్ళు బతకాలి, నీ నోటికి నాది అనే మాట ఎప్పుడూ భయం కాకూడదు. ఆ మెట్ల మీద చెప్పుల చప్పుడు మీ అమ్మమ్మదేనా? ఆటో దిగినట్టుంది. ఆ మిరపకాయల సంచి అందుకో పో, బరువుంటుంది, అదీ ఒక్కత్తే మోసుకొస్తోంది చూడు...